రెండో కన్నం

జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం లేక్ లేనియర్ నడిమధ్యలో మా బోటు ఆగిపోయింది. టక్కున ఆగలేదు. పూర్తి వేగంతో పోతున్న ఇంజిన్ ముందు నీరసపడింది, రెండుసార్లు దగ్గింది, కోలుకున్నట్టే కోలుకుని చచ్చిపోయింది. బోటులో రెండు కుటుంబాలవాళ్లం తొమ్మిదిమందిమి ఉన్నాం. అందులో ఐదుగురు పిల్లలు. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. జార్జియాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుముల వానలు పెద్దగా కబురు చేసి రావు. గాలి మమ్మల్ని నెమ్మదిగా రాళ్ల ఒడ్డు వైపు తోస్తోంది.

"ముందు లంగరెయ్యాలి" అంటూ నా మిత్రుడు ముందుకి పరిగెత్తి లంగరు వదిలాడు. అలాంటప్పుడు మొదట చెయ్యాల్సిన పని అదే. నేను మొదట చేసిన పని మాత్రం తప్పెవరిదో తేల్చడం.

"రోడ్డు పక్క బంకులో కొట్టించొద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా? గ్యాలన్‌కి డాలరు మిగిలిందని సంబరపడ్డావ్. ఇప్పుడు చూడు, పిల్లల్ని తీసుకొచ్చి నీళ్ల మధ్యలో కూర్చోబెట్టావ్."

వాళ్లావిడ ముందు, మా ఆవిడ ముందు, పిల్లలందరి ముందు అన్నాను. వాడేం మాట్లాడలేదు. ట్యాంకు నుంచి ఇంజిన్‌కి వెళ్లే గొట్టం మధ్యలో ఒక రబ్బరు బల్బు ఉంటుంది, బీపీ చూసే మిషన్‌కి ఉండే ఉండ లాంటిది. నొక్కితే పెట్రోలు ఇంజిన్ వైపు వెళ్తుంది. వాడు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. "ఇది అణిగిపోయి ఉందిరా. తిరిగి ఉబ్బట్లేదు" అన్నాడొకసారి. నేను వినిపించుకోలేదు.

పది నిమిషాల తర్వాత ఇంజిన్ ఏమీ జరగనట్టు స్టార్టయింది. కాసేపు నడిచి మళ్లీ ఆగింది. చివరికి అటుగా పోతున్న ఒక పెద్దాయన తన బోటుకి తాడు కట్టి మమ్మల్ని ర్యాంపు దాకా లాక్కెళ్లాడు. డబ్బివ్వబోతే వద్దన్నాడు. బోటుని ట్రైలర్ మీదికి ఎక్కిస్తుండగా వాన మొదలైంది. ఎవరికీ ఏమీ కాలేదు. అందరం లైఫ్ జాకెట్లు వేసుకునే ఉన్నాం. కదిలే బోటులో పదమూడేళ్లలోపు పిల్లలకి జాకెట్ ఉండాలని ఇక్కడి చట్టం. పెద్దవాళ్లం వేసుకునేది మా అమ్మ కోసం. 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పటి నుంచి, నేను నీళ్ల మీదికి వెళ్లానని తెలిస్తే ఆవిడ ముందు అడిగేది జాకెట్ గురించే.

వాడూ నేనూ ఇంజనీరింగ్ నాలుగేళ్లూ ఒకే గదిలో ఉన్నాం. వాడిది నర్సాపురం. చిన్నప్పుడు పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లొచ్చినవాడు. నాకు నీళ్లతో సంబంధం వీధిలో బోరింగు వరకే. అట్లాంటాకి ఉత్తరాన దగ్గర దగ్గరగా ఇళ్లు కొనుక్కున్నాక, నాలుగేళ్ల కింద చెరి సగం వేసుకుని ఒక పాత పాంటూన్ బోటు కొన్నాం. రెండు పొడుగాటి అల్యూమినియం గొట్టాల మీద అరుగు కట్టి, చుట్టూ సోఫాలు వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వెనక 90 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్, పాత రకం, నాలుగు కార్బురేటర్లున్నది. వెనక సీటు కింద 24 గ్యాలన్ల ప్లాస్టిక్ ట్యాంకు, అంటే సుమారు 90 లీటర్లు. జార్జియాలో 1998 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు మోటారు బోటు నడపాలంటే కోర్సు చెయ్యాలి. మేం అంతకు ముందే పుట్టి ఆ అవసరం తప్పించుకున్నాం.

లేక్ అంటారు గానీ ఇది జలాశయం. 1950లలో చాటహూచీ నదికి అడ్డంగా బ్యూఫర్డ్ డ్యామ్ కడితే ఏర్పడింది. పొలాలు, రోడ్లు నీటి కిందికి పోయాయి. ఎండాకాలం శ్రీశైలం నీళ్లు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడటం చూసినవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. నాకు కొత్తగా అనిపించింది దాని పేరు. సిడ్నీ లేనియర్ అని 19వ శతాబ్దపు కవి. ఈ నది మీద ఒక పద్యం రాశాడు. జలాశయానికి ఆయన పేరే పెట్టారు. పుస్తకాల పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి ఆ ఒక్క కారణానికే నాకీ నీళ్లంటే కాస్త పక్షపాతం.

పెట్రోలు గొడవ మాత్రం బోటు కొన్న రోజు నుంచీ ఉంది. అమెరికా బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ఇంజిన్‌కి పెట్రోలు లాగే గొట్టం మూతి ఉండేదీ ఆ అడుగునే. అందుకని బోట్లవాళ్లు చాలామంది ఇథనాల్ లేని పెట్రోలు వెతుక్కుంటారు. దాని ధర ఎక్కువ. వారం వారం తిప్పే బోటుకి వేసవిలో అంత ఖర్చు అక్కర్లేదని, చలికాలం నిలబెట్టే ముందు కొట్టిస్తే చాలని వాడంటాడు. ఎప్పుడూ అదే కొట్టించాలని నేనంటాను. ఇంజిన్ ఆగిన క్షణంలో నేను కారణం వెతకలేదు. నాలుగేళ్లుగా నా దగ్గర సిద్ధంగా ఉన్న తీర్పుని చదివి వినిపించానంతే.

ఆ సాయంత్రం నుంచి వాడు ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. బోటు మా ఇంటి డ్రైవ్‌వేలో ఉంది.

ఇంజిన్‌కి ముందు, పెట్రోలు నుంచి నీళ్లని వేరు చేసే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. ఆదివారం పొద్దున్నే దాన్ని విప్పి, లోపలున్నదంతా ఖాళీ ఆవకాయ సీసాలో పోశాను. గ్యారేజీ బయట, గాలి ఆడే చోట. పెట్రోలు ఆవిరి బరువైనది, నేల మీదే పాకుతుంది. గ్యారేజీలో వాటర్ హీటర్ మంట ఉంటుంది కాబట్టి ఆ పని లోపల చెయ్యకూడదు. చేతిపంపుతో ట్యాంకు అట్టడుగు నుంచి తీసిన పెట్రోలుని ఇంకో సీసాలో పోశాను. గంట ఆగి చూశాను. నీళ్లుంటే అడుగున వేరే పొర కనిపించాలి. ఏ పొరా లేదు. రెండు సీసాల్లోనూ తేటగా ఉంది.

"నీళ్లున్నాయా?" అని మా ఆవిడ అడిగింది.

"లేవు."

"మరి అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పండి."

"ఇంకా ఏదీ తేలలేదు కదా" అన్నాను.

తేలాల్సింది తేలింది. వాడి పెట్రోలు మీద నేను వేసిన నింద ఆ పొద్దుటే వీగిపోయింది. అయినా ఇంకో దారి వెతికాను. నీళ్లు లేకపోతేనేం, ఆ పెట్రోలే కార్బురేటర్లలో జిగురు పట్టించి ఉంటుంది అనుకున్నాను. రెండు వారాంతాలు కూర్చుని నాలుగు కార్బురేటర్లూ విప్పాను. సన్నటి రంధ్రాలున్న ఇత్తడి జెట్లని ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూశాను. అన్నిట్లోంచీ వెలుతురు కనిపించింది. ఎలాగూ విప్పాను కదా అని కడిగి మళ్లీ బిగించాను.

డ్రైవ్‌వేలో నీళ్ల గొట్టం తగిలించి నడిపితే ఇంజిన్ హాయిగా నడిచింది. మా ఉద్యోగంలో దీనికో పాత జోకుంది: "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది." ఇంటి దగ్గర ఇంజిన్‌కి లోడు ఉండదు, తాగే పెట్రోలు చాలా తక్కువ. ఔట్‌బోర్డ్ పూర్తి వేగంలో, హార్స్‌పవర్‌లో పదో వంతు గ్యాలన్లు గంటకి తాగుతుందని ఒక బండ లెక్క. మాదానికి 9 గ్యాలన్లు, అంటే సుమారు 34 లీటర్లు. ఆ దాహం నీళ్ల మీదే తెలుస్తుంది.

మూడో శనివారం మా ఆవిడని తోడు తీసుకుని, ఒడ్డుకి దగ్గరగానే తిరుగుతూ, ఈసారి బుద్ధిగా నోటుబుక్కులో టైములు రాసుకున్నాను. నెమ్మదిగా నడిపితే ఎంతసేపైనా ఆగలేదు. పూర్తి వేగంలో 14 నిమిషాలకి ఆగింది. పది నిమిషాలు ఊరుకుంటే స్టార్టయి, ఈసారి ఆరు నిమిషాలకే ఆగింది. కరెంటు సమస్య అయితే సాధారణంగా స్విచ్ కట్టేసినట్టు ఆగుతుంది. దగ్గుతూ, నీరసపడుతూ ఆగితే చాలావరకు ఇంధనం అందనట్టు. నిజానికి ఈ సంగతి మొదటి రోజే ఇంజిన్ చెప్పింది.

ఇక మిగిలింది సగానికి విడగొట్టి చూడటం. ప్రోగ్రాములో తప్పు దొరకనప్పుడు మేం చేసేదీ అదే. బాగున్న సగాన్ని పక్కన పెడితే వెతకాల్సింది సగమవుతుంది. ఇక్కడ సరిహద్దు గొట్టం. వేరే ట్యాంకు, దాని సొంత గొట్టం, సొంత బల్బు ఇంజిన్‌కి తగిలించి నడపాలి. అప్పుడూ ఆగితే తప్పు ఇంజిన్ వైపు. ఆగకపోతే ట్యాంకు వైపు. అలాంటి ఆరు గ్యాలన్ల ఎర్ర ట్యాంకు నాకు తెలిసినవాళ్లలో ఒక్కడి దగ్గరే ఉంది.

"ఎర్ర ట్యాంకు ఓసారి కావాలి" అని మెసేజ్ పెట్టాను. "వరండాలో పెడతాను" అని జవాబొచ్చింది. వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ లేరు. ట్యాంకు నిండుగా ఉంది. గొట్టం, బల్బు చుట్టి పక్కనే పెట్టాడు. పట్టుకునే చోట రబ్బరు బ్యాండుతో బంకు రసీదు కట్టి ఉంది. అదే రోడ్డు పక్క బంకు.

ఆ పెట్రోలు తాగి ఇంజిన్ 35 నిమిషాలు పూర్తి వేగంలో నడిచింది. ఒక్కసారి కూడా దగ్గలేదు. ట్యాంకు ఖాళీ అవబోతోందని నేనే ఆపాను. మా ఆవిడ నా మొహం వైపు చూసి, ఏమీ అనకుండా నీళ్ల వైపు తిరిగింది.

మళ్లీ పాత ట్యాంకుకి మార్చాం. 13 నిమిషాలకి ఆగింది. ఈసారి ఇంజిన్ జోలికి పోకుండా, పెట్రోలు పోసే మూత విప్పాను. స్స్‌స్ అని పెద్ద చప్పుడు. కుక్కర్ లాంటిదే గానీ ఆవిరి బయటికి పోవడం కాదు, బయటి గాలి లోపలికి దూసుకుపోవడం. బల్బు నా చేతిలో ఉబ్బింది. నాలుగుసార్లు నొక్కితే గట్టిపడింది. తాళం తిప్పగానే స్టార్టయింది.

మా అమ్మమ్మ వాళ్లింట్లో పదిహేను కిలోల నూనె డబ్బా తెచ్చిన రోజున మేకూ సుత్తీ బయటికొచ్చేవి. డబ్బాకి ఒక మూల కన్నం పెట్టి, ఎదురు మూల ఇంకో కన్నం పెట్టేది. నూనె ఒక కన్నంలోంచే కదా వచ్చేది, రెండోది ఎందుకని అడిగితే, "అది లేకపోతే ఇదీ రాదురా" అనేది. ఒకటే కన్నముంటే నూనె గుడుక్ గుడుక్‌మని కాస్త వచ్చి ఆగిపోతుంది. లోపల్నుంచి ఎంత నూనె పోతే అంత గాలి లోపలికి రావాలి. మా ట్యాంకులోంచి పావుగంటలో ఎనిమిదిన్నర లీటర్ల పెట్రోలు బయటికి పోతోంది. ఆ చోటు నింపడానికి గాలి రావాల్సిన దారి మూసుకుపోతే లోపల శూన్యం పెరుగుతుంది. ఇంజిన్ పంపు దానితో పోటీపడి లాగలేదు. పది నిమిషాలు ఊరుకుంటే, ఎక్కడో మిగిలిన సందులోంచి గాలి మెల్లగా లోపలికి చేరుతుంది. ఇంజిన్ మళ్లీ పనిచేస్తుంది. ఆగడం ఇంజిన్ దగ్గర, అడ్డం ట్యాంకుకి అవతల.

బోటు పక్కగోడకి వేలెడు లావు గాలిగొట్టం మూతి ఉంటుంది. దాన్ని విప్పితే లోపల ఎండిన మట్టి. మట్టితో గూడు కట్టే కందిరీగ ఒకటి చలికాలానికి ముందెప్పుడో అందులో ఇల్లు కట్టుకుంది. నాలుగు మట్టి గదులు, ఎండిపోయిన సాలీళ్లు. తీసేసి, గొట్టంలో గాలి ఊది, మూతికి సన్నటి జాలీ ఉన్న కొత్త బిళ్ల బిగించాను. తప్పు కందిరీగది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. వాడిది కాదు, నాది కూడా కాదు. ఫోన్ తీసుకుని వాడికి అదే చెబుదామనుకున్నాను. ఇంకొక్కసారి నడిపి చూసి చెబుదామని ఆగాను.

అరగంట బ్రహ్మాండంగా నడిచి, పూర్తి వేగంలో మళ్లీ నీరసపడింది.

ఈసారి మూత విప్పితే చప్పుడు లేదు. బల్బు మాత్రం అణిగే ఉంది. మొదటి రోజు వాడు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. బల్బు చప్పగా అణిగిందంటే అడ్డం బల్బుకీ ట్యాంకుకీ మధ్యలో ఉంది. బల్బు ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి దూరుతున్నట్టు, లేదా బల్బు లోపలి వాల్వు పోయినట్టు. వాడు చేత్తో పట్టుకుని చెప్పిన సంగతిని నేను మూడు వారాలు చుట్టు తిరిగి కనుక్కున్నాను.

ట్యాంకు మూతి దగ్గర యాంటీ సైఫన్ వాల్వు అని ఉంటుంది, ఒక చిన్న బంతి, దాని వెనక స్ప్రింగు. గొట్టం ఎక్కడైనా తెగితే ట్యాంకులోని పెట్రోలంతా సైఫన్ పట్టి బోటులోకి కారిపోకుండా ఆపేది అదే. బంతి ఇరుక్కుంటే పెట్రోలు అందదు. అందుకని దాన్ని పీకి పారెయ్యమని చాలామంది సలహా ఇస్తారు. ఇంజిన్ బాగా నడుస్తుంది కూడా. ప్రమాదం మాత్రం గొట్టం తెగే రోజు దాకా కనిపించదు. విప్పి చూశాను. బంతి స్వేచ్ఛగా కదులుతోంది. మళ్లీ పెట్టేశాను.

ఇక మిగిలింది ట్యాంకు నుంచి బల్బు దాకా ఉన్న మూడడుగుల గొట్టం. కొత్తది. పాతది పగుళ్లిచ్చిందని పోయిన శరదృతువులో నేనే ఇంటర్నెట్‌లో చూసి కొన్నాను. పైకి నిగనిగలాడుతోంది. కత్తితో పొడుగునా చీల్చాను. లోపలి పొర బయటి రబ్బరు నుంచి ఊడి, ముడతలు పడి వేలాడుతోంది. మెత్తటి కాగితం స్ట్రాతో గట్టిగా పీలిస్తే గోడలు అతుక్కుంటాయి చూడండి, పూర్తి వేగంలో ఇంజిన్ లాగినప్పుడల్లా అలాగే అతుక్కుంటోందన్నమాట. బోటు పెట్రోలు కోసం చేసిన గొట్టాల మీద బి1-15 లాంటి గుర్తు అచ్చువేసి ఉంటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకి అలాంటివే వాడాలి. దీని మీద ఏ గుర్తూ లేదు. ఇరవై డాలర్లు చవగ్గా వచ్చిందని కొన్నాను. గ్యాలన్‌కి డాలరు మిగుల్చుకున్నాడని వాణ్ణి అందరి ముందూ అన్నవాణ్ణి.

నేను అప్పుడప్పుడూ కథల మీద సమీక్షలు రాస్తుంటాను. "ముగింపు తేలిపోయింది" అన్నది నేను సులువుగా రాసే వాక్యం. చదువుతూ ఆగిపోయింది అక్కడే కాబట్టి తప్పూ అక్కడే ఉందనుకుంటాను. రెండో పేజీలో చెప్పాల్సిన మాటేదో రచయిత చెప్పలేదేమో, లేదా ఉన్న మాటని నేనే దాటేశానేమో అని వెనక్కి వెళ్లి చూసిన సందర్భాలు తక్కువ. అలా రాసిన ఒకట్రెండు సమీక్షలు ఈ మధ్య తీసి చదువుకున్నాను. సుఖంగా లేదు.

ఆదివారం సాయంత్రం వాడింటికి వెళ్లాను. ఒక చేతిలో ఆవకాయ సీసా, ఇంకో చేతిలో చీల్చిన గొట్టం. వాడు వెనక డెక్ మీద కూర్చుని ఉన్నాడు.

"నీ పెట్రోలులో నీళ్లు లేవురా" అన్నాను. "నాకు మర్నాడు పొద్దున్నే తెలుసు."

"నాకూ తెలుసు."

"ఎలా?"

"మీ ఆవిడ మా ఆవిడకి ఆ రోజే చెప్పింది."

మూడు వారాలు వాడికి తెలుసు. నాకు తెలుసునని కూడా తెలుసు. "మరి అడగలేదే?" అన్నాను.

"నువ్వే చెప్తావేమోనని చూశాను." కాసేపాగి, "అదే బంకులో నింపింది కూడా అందుకే" అన్నాడు.

గొట్టం చేతిలోకి తీసుకుని లోపలి పొరని వేలితో కదిపి చూశాడు. సారీ చెప్పాను. వాడు తలూపాడు గానీ తేలిగ్గా తీసుకున్నట్టు లేదు. కాసేపటికి అన్నాడు: "పెట్రోలు గురించి అన్నందుక్కాదు. పిల్లల్ని తీసుకొచ్చి నీళ్ల మధ్యలో కూర్చోబెట్టావ్ అన్నావ్. అందులో ఇద్దరు నా పిల్లలు. మీవాళ్లు ముగ్గుర్నీ ఎప్పుడన్నా వేరుగా చూశానా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. చీకటి పడేదాకా కూర్చున్నాం. వాళ్లావిడ టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. మామూలుగా అయితే కూర్చుని మాట్లాడేది.

జూలైలో మళ్లీ బయల్దేరాం, తొమ్మిదిమందిమీ. గుర్తున్న గొట్టం వేశాం. గాలిగొట్టం మూతి వారానికోసారి చూడాలని రాసి పెట్టుకున్నాం. వేసవికి మామూలు పెట్రోలు, చలికాలం నిలబెట్టే ముందు ఇథనాల్ లేనిది. వాడి మాటే నెగ్గింది. ర్యాంపు దగ్గర జాకెట్లు తొడుగుతుంటే మా పెద్దాడు అడిగాడు: "నాన్నా, ఇవాళ కూడా బాబాయ్ పెట్రోలేనా? మళ్లీ ఆగిపోతుందా?"

వాడు లంగరు తాడు చుడుతున్నాడు. తలెత్తలేదు. వాళ్లావిడ ఐస్‌పెట్టె సర్దుతూ ఆగింది.

"ఆ రోజు ఆగింది బాబాయ్ పెట్రోలు వల్ల కాదు నాన్నా" అన్నాను. "కొంత కందిరీగ వల్ల. కొంత నేను కొన్న గొట్టం వల్ల. బాబాయ్ ఆ రోజే కరెక్టుగా చెప్పాడు, నేను వినలేదు. తప్పు నాది."

ఆ రోజు ఎంతమంది ముందు అన్నానో అంతమంది ముందూ చెప్పాను. వాడు తాడు పక్కన పెట్టి వెనక్కొచ్చి, బల్బు చేతిలోకి తీసుకుని నాలుగుసార్లు నొక్కాడు.

"గట్టిపడింది. స్టార్ట్ చెయ్రా" అన్నాడు.